మట్టి ట్యాంక్ పెట్టేవాళ్ళ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మట్టి వేసి మొక్కల ఆక్వేరియం పెట్టడం గురించే ఎక్కువున్నాయి, అందుకని మిగతావి వచ్చేసారికి ఉంచి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశా. నాకు బాగా ఇష్టమైన విషయం కూడాను. కొన్నిటికి జవాబు చాలా పెద్దదైంది, కొన్ని రెండు ముక్కల్లో అయిపోయాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండి. 60×30×36 సెం.మీ. గ్లాస్ ట్యాంక్ ఒకటి ఖాళీగా ఉంది. ప్యాకెట్లలో వచ్చే ఆక్వాసాయిల్ లేకుండా మామూలు తోట మట్టితోనే మొక్కలు పెంచొచ్చంటున్నారు, నిజమేనా? ఏ మట్టి, ఎంత వెయ్యాలి, మొదట్నుంచీ చెప్పండి.

జవాబు: నిజమేనండి. ఆక్వాసాయిల్ కూడా మట్టే, దాన్ని గుళికలుగా చేసి వేడిచేసి గట్టిపరుస్తారు కాబట్టి పైన ఇంకేమీ కప్పక్కర్లేదు. మామూలు మట్టికి ఆ వీలు లేదు, పైన గ్రావెలో ముతక ఇసుకో కప్పకపోతే చెయ్యి పెట్టినప్పుడల్లా నీళ్ళన్నీ బురదే.

ముందు మందం సంగతి చెప్తా, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మట్టి 2.5 సెం.మీ., దానిమీద గ్రావెల్ 2.5 నుంచి 3 సెం.మీ., అంతే. మీ ట్యాంక్ అడుగు 60×30 కదా, అంటే నాలుగున్నర లీటర్ల మట్టి, దగ్గరదగ్గర అంతే కొలత గ్రావెల్, అది ఏడు కిలోలు తూగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి మొదటి ట్యాంక్‌లో నాలుగు వేళ్ళ మందం మట్టి పోసి అందులో పశువుల ఎరువు కూడా కలిపేశా, మొక్కలు బాగా తింటాయని. మూడు వారాలకి అడుగంతా నల్లబడి కుళ్ళు వాసనొచ్చింది, చేపలన్నీ పోయాయి. ఆ చేపలు పోయిన బాధ ఇప్పటికీ ఉంది నాకు, అందుకే ఈ మందం విషయం ఎవరడిగినా గట్టిగానే చెప్తా.

ఇక ఏ మట్టి. ఎరువు, పురుగుమందు, కలుపుమందు పడని చోట పైపొర మట్టి తీసుకోండి. కుండీల కోసం అమ్మే మిక్స్ అయితే వేళ్ళతో కెలికి చూడండి, తెల్లటి పర్లైట్ ముక్కలుంటే అవి జీవితాంతం పైకి తేలుతూనే ఉంటాయి, చిన్న చిన్న రంగు గుండ్లు కనిపిస్తే అది నెమ్మదిగా కరిగే ఎరువు, అలాంటిది అస్సలు వద్దు. కొబ్బరి పొట్టు ఎక్కువున్నది కూడా తేలుతుంది, నీళ్ళకి రంగు దింపుతుంది. చౌడు మట్టి వద్దు, ఉప్పు ఎక్కువ. నల్లరేగడి వట్టిది వేస్తే బంకలా పట్టేస్తుంది, సున్నపు గుళ్ళు కూడా ఉంటాయి చాలాసార్లు. ఎర్రమట్టిలో ఇనుము బాగా ఉంటుంది, అయితే ఆకుల కుళ్ళు తక్కువ, కాబట్టి మామూలు తోట మట్టిలో దాన్ని పదోవంతు కలుపుకుంటే మంచి జోడీ. అనుమానముంటే కొంచెం మట్టి మీద వెనిగర్ పొయ్యండి, బుసబుస పొంగితే సున్నం ఉందని అర్థం, దానివల్ల నీళ్ళ గట్టిదనం పెరుగుతుంది. గప్పీలకీ వాలిస్నేరియాకీ అది హాయే, మెత్తటి నీళ్ళు కోరే చేపలకి కాదు.

తెచ్చిన మట్టిని జల్లెడ పట్టి పుల్లలూ వేర్లూ తీసేయండి. తర్వాత బకెట్‌లో నానబెట్టండి, తేలినదంతా ఒంపెయ్యండి, పరిచి ఆరబెట్టండి, మళ్ళీ నానబెట్టండి. ఇలా మూడు నాలుగు సార్లు. రెండు వారాలు పడుతుంది, విసుగొస్తుంది, అయినా చెయ్యండి, ఎందుకంటే ఈ రెండు వారాల్లో మట్టిలోని బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్ చేస్తుంది, అది మీరు ఒంపే నీళ్ళతో పోతుంది, లేకపోతే ఆ అమ్మోనియా అంతా ట్యాంక్‌లోనే బయటపడుతుంది. ఇంకో మంచి అలవాటు, ఒక గాజు సీసాలో ఇదే మట్టి, ఇదే గ్రావెల్, నీళ్ళు, రెండు కాడలు పెట్టి కిటికీ దగ్గర రెండు వారాలు ఉంచి చూడటం. కాడలకి తెల్లటి వేర్లొచ్చి నీళ్ళు మామూలు మట్టి వాసన వేస్తుంటే ఆ మట్టి పనికొస్తుంది. కాడలు కుళ్ళిపోయాయా, పోయింది సీసాడు మట్టే, ట్యాంక్ కాదు.

పరిచేటప్పుడు మట్టిని మెత్తగా తడిపి చేత్తో అద్దుతూ పరవండి, లోపల గాలి చిక్కుకోకుండా. ముందు గ్లాసుకి రెండు వేళ్ళ దూరం మట్టి లేకుండా వదిలి అక్కడ గ్రావెలే నింపండి, చూడ్డానికి బావుంటుంది, వెలుతురు తగిలి మట్టి గీత పొడుగునా పాచి పట్టదు. గ్రావెల్ 2 నుంచి 4 మి.మీ. ఉండాలి. గోలీలంత రాళ్ళు వేస్తే సందుల్లోంచి మట్టి పైకొచ్చేస్తుంది. మరీ పిండిలాంటి ఇసుకైతే గాలి ఆడదు, అదొక్కటే ఉంటే సెంటీమీటరున్నర దాటకుండా వేసుకోండి.

ప్రశ్న: మట్టి అంటే నీళ్ళు బురదైపోతాయి, జీవితంలో తేరవు అని మా నాన్నగారు ఒప్పుకోవట్లేదండి. ఏం చెప్పమంటారు?

జవాబు: నాన్నగారు భయపడేది నీళ్ళు పోసే ఆ అరగంట గురించే. గ్రావెల్ తడిసేంత నీళ్ళతో ముందు మొక్కలు నాటేయండి, తర్వాత ఒక పళ్ళెమో ప్లాస్టిక్ కవరో పరిచి దానిమీద సన్నటి ధారగా నింపండి. పైన్నుంచి మగ్గుతో కుమ్మరిస్తే మాత్రం ఆయన చెప్పిందే జరుగుతుంది. కొద్దిగా మబ్బుగా ఉన్నా ఒకట్రెండు రోజుల్లో తేరుకుంటుంది, ఆ తర్వాత కూడా తేరకపోతే సగం నీళ్ళు తీసి మళ్ళీ అలాగే నింపండి. ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి, మొక్కలు నాటడం మొదలుపెడితే పెద్దవాళ్ళే ముందు లీనమైపోతారు, నేను చూశా.

ప్రశ్న: అన్నా, అర్జెంటు. ట్యాంక్ పెట్టి పది రోజులైంది, పాటింగ్ మిక్స్ వేశా, మూడో రోజు పది నియాన్ టెట్రాలు వదిలా. నీళ్ళు గోధుమ రంగులోకి వచ్చాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అమ్మోనియా టెస్ట్ చేస్తే ముదురు ఆకుపచ్చ వచ్చింది. మొక్కలు నాలుగున్నాయి.

జవాబు: తమ్ముడూ, రంగు గురించి కంగారుపడకు, అది ఆకులూ చెక్కా నానితే దిగే టానిన్, చేపలకి హాని లేదు, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే పోతుంది. ప్రాణం తీసేది అమ్మోనియా.

చేపల్ని ఉంచడానికి పాత ట్యాంక్ ఏదైనా ఉంటే, నీదో స్నేహితుడిదో, అందులోకి మార్చెయ్, అన్నిటికన్నా అదే మంచిది. లేకపోతే సగం నీళ్ళు మార్చు, ఎయిర్ స్టోన్ పెట్టు, మేత పూర్తిగా ఆపు. రెండు మూడు రోజులు తినకపోతే చేపలకి ఏమీ కాదు. పోసే నీళ్ళలో క్లోరిన్ ఉండకూడదు. మామూలు క్లోరిన్ అయితే బకెట్‌లో ఒకరోజు ఉంచితే పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అలా పోదు, దానికి డీక్లోరినేటర్ అనే క్లోరిన్ తీసేసే మందు వెయ్యాల్సిందే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదువు. టెస్ట్‌లో కనిపించే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి విషం, ఇంకోటి దానికంటే చాలా తక్కువ హాని చేసే అమ్మోనియం. ఏది ఎంతుంటుందనేది ముఖ్యంగా పీహెచ్‌ని (నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) బట్టి. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే విషరూపం మొత్తంలో అర శాతం చుట్టుపక్కలే, 8 ఉంటే అయిదు శాతం దాటుతుంది, అంటే ఇంచుమించు పదిరెట్లు. నీ ట్యాంక్ పీహెచ్ 6.5 ఉండి కొత్తగా పోసే నీళ్ళు 8 ఉన్నాయనుకో, ఒకేసారి సగం మార్చితే మిగిలిన అమ్మోనియా ఇంకా విషంగా మారొచ్చు. అలాంటప్పుడు ఇరవై శాతం చొప్పున పూటకోసారి మార్చు, లేదా అమ్మోనియాని బంధించే రకం డీక్లోరినేటర్ వాడు. అందుకే ముందు రెండు నీళ్ళ పీహెచ్ చూసుకో.

అసలు కారణం మాత్రం నాలుగు మొక్కలు. నీ మట్టి రోజూ వదిలే అమ్మోనియాని తినేవాళ్ళు ట్యాంక్‌లో లేరు. ఇవాళే హార్న్‌వర్ట్ ఓ రెండు గుప్పిళ్ళు, పైన తేలే మొక్కలు తెచ్చి వెయ్యి, వాటికి వేర్లు పట్టేదాకా ఆగాల్సిన పని లేదు, వేసిన రోజునుంచే పీలుస్తాయి. అమ్మోనియా, అది నైట్రేట్ అయ్యే దారిలో మధ్యలో వచ్చే నైట్రైట్ (అదీ విషమే), రెండూ వారంపాటు వరసగా సున్నా చూపించాకే చేపలు. కొత్త మట్టి ట్యాంక్‌లో అది నెల పట్టొచ్చు, నెలన్నరా పట్టొచ్చు. రొయ్యలైతే రెండు మూడు నెలలు ఆగు, అవి ఇంకా సున్నితం.

ప్రశ్న: మొక్కలు ఎన్ని పెట్టాలి, ఏవి పెట్టాలి? ముందు అయిదారు కొని అవే పెరిగి నిండుతాయిలే అనుకుంటున్నా.

జవాబు: దయచేసి అలా చెయ్యొద్దండి. పైన తమ్ముడి ప్రశ్న చదివారు కదా. వేరే ట్యాంక్‌లలో మెల్లగా నింపుకుంటూ పోవచ్చేమో గానీ మట్టి ట్యాంక్‌లో మొదటి రోజే అడుగు ముప్పావు వంతు కనపడకుండా మొక్కలుండాలి. నన్నడిగితే మట్టి ట్యాంక్‌కి అసలు ఫిల్టర్ మొక్కలే, బడ్జెట్ తక్కువుంటే లైటూ రాళ్ళూ తగ్గించుకుని ఆ డబ్బు మొక్కల మీద పెట్టండి. మట్టి మొదటి వారాల్లో పోషకాలు ఆపకుండా వదులుతుంది, వాటిని మొక్కలు తినకపోతే పాచి తింటుంది, మూడో దారి లేదు. అదీగాక నీటిమొక్కలు చాలావరకు నైట్రేట్ కంటే అమ్మోనియాన్నే ముందు తీసుకుంటాయి, అంటే మీకు ఏది ప్రమాదమో అదే వాటికి మొదటి ముద్ద.

అందంగా ఉన్నాయా అని కాకుండా ముందు వేగంగా పెరిగేవి చూడండి. వాటర్ విస్టేరియా, హైగ్రోఫిలా, లిమ్నోఫిలా, రోటలా, బకోపా లాంటి కాడ మొక్కలు వెనకాల గుంపులుగా. మధ్యలో వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్, ఒక అమెజాన్ స్వోర్డ్, ఇవి వేర్లతో తినేవి, మట్టి ట్యాంక్ అంటే వీటికి పుట్టిల్లు. స్వోర్డ్ ఒకటి చాలు మీకు, అది అరట్యాంక్ ఆక్రమిస్తుంది. పైన అంతరతామరో సాల్వీనియానో నీటి పైభాగంలో మూడోవంతు. తేలే మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ గాలిలోంచే దొరుకుతుంది, నీళ్ళలో తక్కువైందన్న బాధ లేదు, అందుకే అంత తొందరగా పెరిగి నీళ్ళు శుభ్రం చేస్తాయి. వారం వారం ఎక్కువైనవి తీసెయ్యండి. తీసినవి ఎండబెట్టి పారెయ్యండి గానీ చెరువులోనో కాలవలోనో మాత్రం వెయ్యొద్దు, ఈ రెండూ వదిలిన చోటల్లా నీళ్ళమీద చాపలా పరుచుకుని కింద ఉన్నవాటికి వెలుతురు అందకుండా చేసేవే.

తెచ్చిన వారం పది రోజులకి ఆకులు కరిగిపోతే పీకేయకండి. చాలా మొక్కల్ని నీళ్ళ బయట పెంచి అమ్ముతారు, ఆ ఆకులు నీళ్ళలో బతకవు, నీళ్ళకి సరిపడే కొత్త ఆకులు వేస్తాయి. క్రిప్టోకోరైన్ అయితే మొత్తం కరిగి మొదలు మాత్రం మిగిలినా మళ్ళీ వస్తుంది. కరిగిన ఆకులు తీసెయ్యండి, వేరు కదపొద్దు.

ప్రశ్న: అనూబియాస్, జావా ఫెర్న్ మట్టిలో నాటాను, రెండూ కుళ్ళాయి. మట్టి చెడ్డదా?

జవాబు: మట్టి మంచిదేనండి. వాటి అడ్డకాండం భూమిలో పూడ్చకూడదు, రాయికో చెక్కకో దారంతో కట్టాలి.

ప్రశ్న: నెల దాటింది, మొక్కలు బావున్నాయి. గ్రావెల్‌లోంచి అప్పుడప్పుడు బుడగలు వస్తున్నాయి, మొన్న పుల్లతో గుచ్చితే కుళ్ళిన గుడ్డు వాసన. ట్యాంక్ తీసెయ్యాలా?

జవాబు: తీసెయ్యకండి. వరి మడిలో కాలు పెడితే బుడబుడమని బుడగలొస్తాయే, అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. నీళ్ళు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ ఒకట్రెండు రోజుల్లోనే అయిపోతుంది. అప్పుడు బాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ బదులు ముందు నైట్రేట్‌ని, తర్వాత మాంగనీస్‌ని, ఇనుముని, ఆ తర్వాత సల్ఫేట్‌ని వాడుకుంటుంది, అన్నీ అయిపోతే చివర్లో మీథేన్ తయారవుతుంది. ఇందులో మనకి లాభం కూడా ఉంది, తుప్పులా గట్టిగా ఉండే ఇనుము ఈ మార్పు వల్లే కరిగి మొక్క వేరుకి అందుతుంది. సల్ఫేట్ దగ్గరికొచ్చేసరికే హైడ్రోజన్ సల్ఫైడ్, ఆ గుడ్డు వాసన.

వాసన లేని బుడగలు మీథేన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటివి, వాటిని పట్టించుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ విషమే, అయితే మట్టిలో ఇనుముంటే దాంతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా అక్కడే ఉండిపోతుంది, అడుగున నల్ల మచ్చలు కనిపిస్తే అదే. ఎర్రమట్టి కలపమని నేను చెప్పేది ఇందుకు కూడా. తప్పించుకుని పైకొచ్చిన కొంచెం కూడా ఆక్సిజన్ ఉన్న నీళ్ళు తగిలేసరికి మారిపోతుంది, నీళ్ళు కదులుతూ ఉంటే చాలు.

నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది వేర్ల పని. వరిలాగే నీటిమొక్కల్లో కూడా ఆకునుంచి వేరుదాకా గాలి గొట్టాల్లాంటి సందులుంటాయి, ఆకులో తయారైన ఆక్సిజన్ వాటిల్లోంచి దిగి వేరు చుట్టూ మట్టిలోకి కారుతుంది. వేర్లు దట్టంగా అల్లుకున్న చోట మట్టి కుళ్ళదు. మీకు వాసనొచ్చిన చోట చూడండి, అక్కడ మొక్క ఉండదు లేదా పైన పెద్ద రాయో చెక్కో ఉంటుంది. కాబట్టి సన్నపుల్లతో రోజుకి మూడు నాలుగు చోట్ల నెమ్మదిగా గుచ్చండి, ఒకేసారి అంతా కెలకొద్దు, అలా చేస్తే లోపలున్నదంతా ఒక్కసారి పైకొస్తుంది. ఆ ఖాళీలో వాలిస్నేరియానో క్రిప్టోనో పెట్టండి. మలేషియన్ ట్రంపెట్ నత్తలు దొరికితే నాలుగు వదలండి, అవి గ్రావెల్‌లో దూరి తిరుగుతూ ఆ గుచ్చే పనేదో అవే చేస్తాయి.

ప్రశ్న: లైట్ రోజుకి పన్నెండు గంటలు వేస్తున్నా, గ్లాసు మీద గోధుమ రంగు పొర, ఆ తర్వాత నీళ్ళు పచ్చగా అయిపోయాయి.

జవాబు: పన్నెండు చాలా ఎక్కువండి. మొదటి నెల ఆరు గంటలు చాలు, టైమర్ పెట్టేయండి, చేత్తో వేస్తే రోజుకో లెక్క అవుతుంది. గోధుమ పొర డయాటమ్స్ అనే ఒకరకం పాచి, కొత్త ట్యాంక్‌లకి మామూలే, తుడిచేస్తే కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. పచ్చ నీళ్ళకి నాలుగు రోజులు లైట్ ఆర్పి దుప్పటి కప్పండి, తర్వాత సగం నీళ్ళు మార్చి తేలే మొక్కలు పెంచండి. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే దానికి అడ్డం పెట్టండి. తర్వాత్తర్వాత లైట్ సమయం పెంచాలనుకుంటే మధ్యలో మూడు నాలుగు గంటలు ఆర్పి రెండు విడతలుగా వెయ్యండి. పొద్దున్నుంచి మొక్కలు వాడేసిన కార్బన్ డయాక్సైడ్ ఆ విరామంలో మట్టి నుంచి మళ్ళీ నీళ్ళలోకి చేరుతుంది, రెండో విడతలో మొక్కలకి కాస్త దొరుకుతుంది.

ప్రశ్న: మట్టి ట్యాంక్‌లో గోల్డ్ ఫిష్ వెయ్యొచ్చా?

జవాబు: వద్దండి. నోటితో తవ్వుతాయి, మొక్కలు తింటాయి, పైగా 60 సెం.మీ. ట్యాంక్ వాటికి చాలదు. గుంతలు తవ్వే సిక్లిడ్‌లు కూడా వద్దు.

ప్రశ్న: మా మట్టి ట్యాంక్‌కి పద్నాలుగు నెలలు. చాలా బాగా నడిచింది, ఈమధ్య స్వోర్డ్ కొత్త ఆకులు పసుపు రంగులో వస్తున్నాయి. మట్టి అయిపోయినట్టేనా? మొత్తం తీసి కొత్తది వెయ్యాలా?

జవాబు: పద్నాలుగు నెలలు నడిపారంటే చాలా సంతోషమండి. తీసే అవసరం లేదు. కొత్త ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము తక్కువ. పాత ఆకులు మొత్తంగా పసుపైతే నత్రజని, పాత ఆకుల్లో చిల్లులు పడి అంచులు మాడితే పొటాషియం. మీరు చెప్పినదాన్ని బట్టి ఇనుమే అనిపిస్తోంది.

మట్టిలో ఆకుల కుళ్ళు భాగం మొదటి ఏడాదిలో చాలావరకు కరిగిపోతుంది, అందువల్ల కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. బంకమన్ను భాగం మాత్రం ఎక్కడికీ పోదు, చేపల మేత, పెంట నుంచి వచ్చే పోషకాల్ని పట్టి ఉంచి వేర్లకి ఇస్తూనే ఉంటుంది. అందుకే చేపలున్న మట్టి ట్యాంక్ ఏళ్ళతరబడి నడుస్తుంది. మీరు చెయ్యాల్సిందల్లా ఎర్ర బంకమన్ను గోలీకాయంత ఉండలు చేసి బాగా ఎండబెట్టి, స్వోర్డ్ మొదలుకి నాలుగు వేళ్ళ దూరంలో రెండు మూడు చోట్ల వేలితో మట్టిదాకా దించడం. రెడీమేడ్ రూట్ ట్యాబ్స్ (వేర్ల దగ్గర దించే ఎరువు బిళ్ళలు) అయినా సరే. పసుపు ఆకులు మళ్ళీ పచ్చబడవు, రెండు మూడు వారాల తర్వాత వచ్చే ఆకు చూసి చెప్పండి.

స్వోర్డ్ పెద్దదైందని మధ్యలో పీకాలనిపిస్తే మాత్రం లాగకండి, దాని వేర్లు ఈపాటికి అడుగంతా పాకి ఉంటాయి, లాగితే పద్నాలుగు నెలల మట్టి గ్రావెల్ పైకొస్తుంది. బయటి ఆకులు కత్తిరించుకుంటూ రండి. పూర్తిగా తీసెయ్యాల్సే వస్తే చుట్టూ వేర్లు కత్తెరతో కోసి మొదలు మాత్రం మెల్లగా పైకి తియ్యండి, మిగిలిన వేర్లు అక్కడే ఉండనివ్వండి.